నీళ్లు తగలని వంట

పద్మనాభయ్య పాలెంలోకి రాలేదు. ఎప్పుడూ రాడు. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే ఇసుక బాటలో, మొదటి గుడిసెకు ఇవతలే సైకిలు ఆపి, గొడుగు తెరిచి, ఎదురుపడ్డ మనిషిని పంపి హెబ్రోనును పిలిపించాడు. ఆయన సమితి ప్రెసిడెంటు రెడ్డిగారి గుమాస్తా. ఈ పంచాయతీ సమితులు వచ్చి ఇంకా నిండా రెండేళ్లు కాలేదు గానీ, పద్మనాభయ్య మాట తీరు చూస్తే గవర్నమెంటు ఆయన తాతల నాటి నుంచి ఆ ఇంట్లోనే కాపురం ఉన్నట్టుండేది.

హెబ్రోను చొక్కా తొడుక్కుంటూనే వచ్చాడు. నెల రోజులుగా ఈ పిలుపు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడు. సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులో సమితి వాళ్లు కొత్త బంగళా కడుతున్నారు. బంగళా అంటే వంటవాడు కావాలి. చుట్టుపక్కల ఇన్ని ఊళ్లలో బంగళా వంట తెలిసినవాడు తనొక్కడే. మద్రాసు క్లబ్బు నుంచి పని పోయి భార్య ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ, ఆమె కలుపు తీసి తెచ్చిన గింజలతోనే ఇద్దరి కడుపులూ నిండుతున్నాయి. హెబ్రోనుకు మడిలో దిగడం చేతకాదు. ఒకసారి దిగితే గడ్డిని వదిలేసి వరిని పీకాడు. పాలెం ఆడవాళ్లు ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు.

పద్మనాభయ్య ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి వేయించిన వేరుశెనక్కాయలు తీసి ఒలుచుకుంటున్నాడు.

"ఏరా, బంగళా అయిపోయింది. శుక్రవారం ఓపెనింగు. నెల్లూరు నించి ఇంజనీర్లు వస్తా ఉండారు. పొట్టేలు కోస్తా ఉండాం."

"సంతోషమయ్యా."

"ప్రెసిడెంటు గారికి ఒకటే యావ. మద్రాసు క్లబ్బులో తోటలో నిప్పులు పోసి, ఇనప చట్రం మీద మాంసం కాల్చి పెట్టేవోళ్లంట. అది తిన్నాక ఇంకే మాంసమూ నోటికి పట్టలేదంటాడు. నువ్వు ఆడ చేసినోడివని నేనే చెప్పినా."

హెబ్రోను ముఖం విచ్చుకుంది. "ఆ కాల్చి పెట్టింది నేనేనయ్యా. గుర్రప్పందేల కాలంలో రెడ్డిగారు వస్తే, ఎముక కాడ మాడాల, లోపల మెత్తగుండాల అని అడిగి మరీ వేయించుకునేవాడు."

"ఉండచ్చు. తెల్లకోటు తొడిగినోడి మొహం ఎవురు చూస్తారు," అన్నాడు పద్మనాభయ్య. ఇంకో కాయ ఒలిచాడు. "చిక్కేందంటే అది మద్రాసు, ఇది అల్లూరు. ఆడ తిన్నది ఎవురికీ కనపడలా. ఈడ ఊరు ఊరంతా చూస్తా ఉంటాది. పాలెపోడు వండింది తిన్నాడంటే రేపు ఎలక్షన్లకు అదే పాట. అందుకని నెల్లూరు మిలిట్రీ హోటలు నించి తెప్పిస్తే పోతాదిలే అనుకుంటా ఉండాం. ఏదన్నా దారుంటే చెప్పు. లేకపోతే లేదు."

 ఆయన గొడుగు ముడుస్తున్నాడు. ముడిచి సైకిలెక్కితే ఇక అంతే. హెబ్రోను ఆయన చేతివంకే చూస్తూ నిలబడ్డాడు. చేతిలో వేరుశెనక్కాయ ఉంది. బాట మలుపులో కూచుని ఇసుక మూకుడులో కాయలు వేయించి అమ్మే పిచ్చమ్మ ఈ పాలెం మనిషే. హెబ్రోనుకు వరసకు పిన్ని.

"అయ్యా, ఆ కాయలు మా పిచ్చమ్మ వేయించినవే గదా."

పద్మనాభయ్య చెయ్యి ఆగింది. "వేయించినవి వేరురా. నీళ్లు తగిల్తేనే అంటు. దానికి నీళ్లు తగల్లా గదా."

"ఇదీ అంతేనయ్యా," అన్నాడు హెబ్రోను. అతనికి మాటలు తోసుకుని వచ్చాయి. "నిప్పు, ఇనుము, మాంసం. అంతే. కుండ లేదు, గరిటె లేదు, ఇల్లు లేదు. ఆకాశం కింద కాలతాది. నీళ్ల చుక్క తగలదు. ఇంక పట్టింపేముందయ్యా దీంట్లో?"

 పద్మనాభయ్య గింజ నోట్లో వేసుకున్నాడు. నమిలాడు.

"నీకు తెలివుండాదిరా," అన్నాడు.

హెబ్రోను పరుగున పోయి, తాటాకు చూరులోంచి గోనె చుట్టిన కట్ట దించి తెచ్చాడు. క్లబ్బులో పాత వంటశాల పడగొట్టిననాడు సామాన్లతో పాటు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న చట్రం అది. గుండ్రటి ఊచలు, వేలెడు సందు, ముందు కాళ్లు కొంచెం పొట్టివి. కారిన కొవ్వు నిప్పుల్లో పడకుండా ఊచల వెంబడే ముందుకు జారిపోతుంది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా వారం వారం దానికి నూనె రాస్తాడు. ఏళ్ల తరబడి కొవ్వు తాగి నల్లగా నున్నగా ఉన్న ఆ ఇనుమును గోనె విప్పి చూపించాడు.

పద్మనాభయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇది నీ ఇంట్లో ఉన్నిందిరా."

"రెడ్డిగారికి దీని మీదే కాల్చినానయ్యా."

"అప్పుడు క్లబ్బుది. ఇప్పుడు నీది. కొత్తది కావాల. ఎవురింట్లోనూ దూరనిది. నువ్వు చూసి ఎంచుకో, తెచ్చే పని మాది." సైకిలెక్కి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కాలు కింద మోపాడు. "ఆయన నోటికి నచ్చితే బంగళా వంట నీకే. నేను చెప్తా ఉండా గదా."

మర్నాడు పొద్దున్నే హెబ్రోను అల్లూరు పోయాడు. ఎంచుకోమన్నారు గనక ఎంచుకోవడానికే పోయాడు పాపం.

పద్మనాభయ్య అతన్ని ముందు సమితి గోదాముకు తీసుకుపోయి, బంగళా కిటికీలకు చేయించగా మిగిలిన ఊచల చట్రం ఒకటి చూపించాడు. నడుమ తామరపువ్వు, నాలుగు మూలలా తీగలు. మొత్తానికి ఆకుపచ్చ రంగు పూసి ఉంది.

"దీనికేం తక్కువరా? కొత్తది. పువ్వు కూడా ఉండాది."

"రంగు కాలతాదయ్యా. మాంసం నిండా రంగు కంపు కొడతాది."

"గీకిచ్చేస్తాం."

"పువ్వు కాడ ముక్క ఇరుక్కుంటాదయ్యా."

పద్మనాభయ్యకు ఇది నచ్చలేదు. ఆ పువ్వు ఆయన ఎంపికే. తర్వాత రోడ్డు పని కంట్రాక్టరు షెడ్డులో నిలువునా కోసిన తారు పీపా చూపించాడు. ఈ సగంలో నిప్పులు పోసి పైన కమ్మీలు పరిస్తే సరిపోతుందన్నాడు. హెబ్రోను వంగి వాసన చూశాడు. తారు గుప్పుమని ముక్కుకు కొట్టింది. కడిగితే పోతుందని పద్మనాభయ్య అన్నాడు. పోదని హెబ్రోను అన్నాడు. ఎండ నెత్తికెక్కే వేళకు పద్మనాభయ్యకు విసుగు పుట్టింది.

"కాల్చే మాంసానికి ఇన్ని వంకలేందిరా? నీది నాలుకా, తూనికరాయా? పో, ఆ చెంచయ్య కాడికి పొయ్యి నీకు కావాల్సినట్టు కొట్టించుకో. ముట్టుకోమాక. నోటితో చెప్పు."

కమ్మరి చెంచయ్య కొలిమి బజారు చివర ఉంది. ఆయన బండి చక్రాలకు ఇనప కట్టు వేయడంలో ఆరితేరినవాడు. కొడవళ్లు, గడ్డపారలు చేస్తాడు. మాంసం ముట్టడు. మాంసం కాల్చే సామాను చేయమంటే ముందు నవ్వి, ప్రెసిడెంటు గారి పని అనగానే నవ్వు ఆపేశాడు. హెబ్రోను కొలిమి పందిరి బయట, ఎండలో నిలబడి చేతులు చాపి చూపిస్తున్నాడు. ఇంత పొడుగు, ఇంత వెడల్పు, ఊచలు గుండ్రంగా ఉండాలి.

"గుండ్రటి ఊచ ఏడుందబ్బా? ఉన్నిందంతా మీ బంగళా కిటికీలకే పాయ. నా కాడ ఉండేది బండి కట్టు బద్దే."

చదునైన బద్ద అయితే చపాతీ పెనం మీద వేసినట్టు మాంసం ఉడుకుతుంది గానీ కాలదు. పోనీ బద్దలను నిలువుగా నిలబెట్టి బిగించమని హెబ్రోను బతిమాలాడు. అట్లా బిగించాలంటే వారం పడుతుందని చెంచయ్య తల ఆడించాడు. సందైనా వెడల్పుగా పెట్టమన్నాడు. వెడల్పు పెడితే ముక్క కింద పడదా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. ఎర్రగా కాలిన బద్దను దాగలి మీద పెట్టి సమ్మెట వేస్తూ ఉంటే, ప్రతి దెబ్బకూ హెబ్రోను కళ్లు మూసుకున్నాడు. తనకు కావలసిన చట్రం ఇంట్లో చూరు కింద మూలుగుతోంది. ఇక్కడ తన కళ్ల ముందే, తనకు అక్కర్లేని చట్రం తన పేరు మీద తయారవుతోంది. పోయి ఆ సమ్మెట లాక్కోవాలనిపించింది. పందిరి దాటి ఒక్క అడుగు కూడా వేయలేదు.

"చెంచయ్యా, ముందు కాళ్లు రెండూ ఒక జానెడు తక్కువ పెట్టు సామీ. జానెడు కాకపోతే బెత్తెడు. కొవ్వు ముందుకు జారాల."

చెంచయ్య సమ్మెట దించి అతని వంక అదోలా చూశాడు. "నా చేత్తో కుంటి మంచం చెయ్యమంటావా? రేపు పది ఊళ్లోళ్లు వస్తారు. చెంచయ్యకు కాళ్లు సమంగా కొయ్యడం కూడా రాదా అంటారు. నేను చెయ్య."

"కుంటిది కాదు సామీ, వాలు."

"నీకు వాలు. చూసేవోడికి కుంటి."

నాలుగు కాళ్లూ సమానంగానే వచ్చాయి. ఆ మాట దగ్గర చెంచయ్య దేవుడొచ్చినా వినడు. ఇసుకలో ముందు కాళ్ల కింద గుంట తవ్వుకుంటే వాలు దానంతటదే వస్తుందని హెబ్రోనుకు అప్పుడు తట్టింది. ఆ రోజు మొత్తంలో తట్టిన మంచి సంగతి అదొక్కటే.

ఇంకొకటి మిగిలింది. కొత్త ఇనుమును నాలుగైదు మార్లు కాల్చి, కొవ్వు రాసి, మళ్లీ కాల్చి మచ్చిక చేసుకోవాలి. లేకపోతే మాంసం అతుక్కుపోతుంది. కొవ్వు అనగానే చెంచయ్య చెవులు మూసుకున్నాడు. "నా కొలిమికి పొద్దన్నే దండం పెట్టుకుంటా. దాంట్లో కొవ్వు కాల్చమంటావా?" చివరకు వేరుశెనగ నూనె రాయడానికి ఒప్పుకున్నాడు. అదీ ఒక్కసారి, గుడ్డతో, ఇష్టం లేకుండా.

సాయంత్రం గుడిసె ముందు కూచుని హెబ్రోను ఇదంతా చెప్పాడు. భార్య ఆనందకుమారి కాళ్లకు పట్టిన మడి బురద చెంబు నీళ్లతో కడుక్కుంటూ విన్నది. ఆమె తొందరపడి మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం అది సూటిగా పోయి తగలాల్సిన చోటే తగులుతుంది.

"అంతా బాగుంది గానీ, మరి ఉప్పునీళ్లో?"

హెబ్రోను చటుక్కున తల ఎత్తాడు.

పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ ఉప్పునీళ్ల సంగతి వింటూనే ఉంది. సెలవులకు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. ముక్క పైన తేమ ఆరగానే గిన్నెలో ఉప్పునీళ్లు కలుపుకుని, ఉల్లికాడల కట్ట ముంచి చిలకరించాలి. చుయ్యిమని ఆవిరి లేవాలి. ఆ ఆవిరితోనే లోపలి కండ మెత్తబడుతుంది, ఉప్పు ఎముక దాకా దిగుతుంది. మిగతా వంటవాళ్లు మసాలాలు దట్టించి చచ్చేవాళ్లు. హెబ్రోను చేతి మాంసంలో ఉన్నదల్లా ఉప్పూ నీళ్లూ, అవి వేసే వేళా.

"నీళ్ల చుక్క తగలదని నేనే చెప్పినా," అన్నాడు నెమ్మదిగా.

ఆనందకుమారికి నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆపుకోలేక మళ్లీ నవ్వింది. "పని కావాలని పొయ్యి, ఆ పని చేసే చేతినే కట్టేసుకుని వచ్చినావా?"

అతనికి ఒళ్లు మండింది. లేచి బాట దాకా పోయి మళ్లీ వచ్చాడు. "నెయ్యి రాస్తా. రెడ్డిగారింట్లో నెయ్యికేం కొదవ. నెయ్యితో తడుపుతా ఉంటే..." మాట మధ్యలో ఆపాడు. నెయ్యి నిప్పుల్లో పడితే మంట లేస్తుంది. మంట లేస్తే మాంసం పైన మసి, లోపల పచ్చి. అది అతనికి తెలియనిది కాదు.

"ఉద్యోగం వస్తే చాలు కుమారీ. ఒక్కసారి లోపలికి పోతే ఇంక వంటశాల నాది. ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని నీళ్లు."

"వస్తే మంచిదేలే." ఆమె చెంబు బోర్లించింది. "నీ క్లబ్బు మాంసం కథ వినీ వినీ నాకు కడుపు నిండిపోయింది. రుచి మటుకు ఈ రోజు దాకా ఎరగను."

"ఇంట్లో మాంసం ఏడుందే కాల్చి పెట్టడానికి?"

"అదే అంటా ఉండా," అని ఆమె లోపలికి పోయింది.

శుక్రవారం తెల్లవారేసరికి హెబ్రోను సరుగుడు తోపులో ఉన్నాడు. ఆనందకుమారి నీలిమందు పెట్టి ఉతికిన తెల్లకోటు తొడుక్కున్నాడు. మోచేతుల దగ్గర బట్ట పలచబడింది గానీ దూరానికి తెలియదు. సున్నం కొట్టిన బంగళా ఎండలో మెరుస్తోంది. వాకిట్లో మామిడాకులు కట్టారు. వెనక వసారాలో రెడ్డిగారి ఇంటి నుంచి వచ్చిన శీనయ్య పెద్ద గుండిగలు దించుకుని అన్నానికి ఎసరు పెడుతున్నాడు. శీనయ్య రెడ్డిగారి పొలం చూసే మనిషి తమ్ముడు. పెళ్లిళ్లలో వంటలు చేస్తాడు. ఇరవై ఏళ్ల క్లబ్బు మనిషి వస్తున్నాడని విని అతనూ కొంచెం బెరుకుగానే ఉన్నాడు.

చట్రాన్ని బండి మీద తెచ్చి ఇసుకలో దించారు. హెబ్రోను మోకాళ్ల మీద కూచుని ముందు కాళ్ల కింద రెండు గుంటలు తవ్వి వాలు కుదుర్చుకున్నాడు. ఎండిన సరుగుడు మొద్దులు ఏరి తగలబెట్టాడు. ఆ కట్టె విషయంలో మాత్రం అతనికి ఎవరితోనూ పేచీ రాలేదు. మొద్దు చివరంటా కాలి ఎర్రటి నిప్పులయ్యే దాకా ఊరికే కూచున్నాడు. సముద్రపు గాలి ఎటు తిరుగుతుందో చూసి, అటువైపు ఇసుక కట్ట పోశాడు. చెయ్యి చాపి సెగ ఎంత ఉందో చూసుకున్నాడు. ఆ కాసేపు అతనికి పద్మనాభయ్య గుర్తు రాలేదు, ఉద్యోగం కూడా గుర్తు రాలేదు.

శీనయ్య కడిగి కోసిన ముక్కలు అరటాకుల్లో పెట్టి, అడుగు దూరాన ఇసుకలో ఉంచి పోయాడు. హెబ్రోను కొత్త పటకారుతో ఒక్కొక్కటే తీసి చట్రం మీద పరిచాడు. అనుకున్నంతా అయింది. మొదటి వరస బద్దలకు అతుక్కుపోయింది. తిప్పబోతే కండ చీలింది. నెయ్యి రాస్తే మంట లేచింది. నిప్పులు పక్కకు లాగితే సెగ చాలలేదు. కోటు వీపు తడిసి ఒంటికి అంటుకుంది. పైన తేమ ఆరిపోయి ముక్క బిగుసుకుంటున్న క్షణం వచ్చింది. చెయ్యి దానంతట అదే పక్కకు చాచుకుంది. అక్కడ గిన్నె లేదు. ఇసుక ఉంది. పది బారల దూరంలో బిందె నిండా మంచినీళ్లున్నాయి. వసారా మీద నుంచి పద్మనాభయ్య చూస్తున్నాడు. హెబ్రోను పళ్లు పటపట కొరికి ముక్కను తిప్పాడు.

చీలిన వైపు కిందకు పెట్టి ఆకుల్లో సర్దాడు. శీనయ్య అవి తీసుకుపోయి ముందు వసారాలో ప్రెసిడెంటు గారికీ, నెల్లూరు ఇంజనీర్లకూ వడ్డించాడు.

వసారాలో మాటలు ఆగిపోయాయి. నమిలే చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ప్రెసిడెంటు గారు రెండో ముక్క తీసుకున్నాడు, మూడోదీ తీసుకున్నాడు. ఎముక పక్కన పెట్టి, మునివేళ్లు నాకాడు. హెబ్రోను ఇరవై ఏళ్ల పాటు దూరం నుంచి ఈ మనుషుల దవడలు చూసి మనసు తెలుసుకున్నవాడు. మాంసం కొంచెం ఎండిపోయింది, అయినా గెలిచామని తెలిసిపోయింది. 

"పిలువు వాణ్ణి," అన్నాడు ప్రెసిడెంటు గారు.

హెబ్రోను పోయి మెట్ల కింద ఇసుకలో నిలబడ్డాడు.

"అచ్చం క్లబ్బులో మాదిరే ఉందిరా. ఏం పేరు?"

"హెబ్రోనండి. క్లబ్బులో తమరికి నేనే పెట్టేవోణ్ణండి. ఎముక కాడ మాడాలనేవోరు."

"అట్టనా," అని ఆయన మనసారా నవ్వాడు. మంచి మనిషి నవ్వు అది. పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, "చూసినారా, మద్రాసులో తిన్న చెయ్యి మన పాలెంలోనే ఉండాది. మనకు తెలవనే తెలవదు," అన్నాడు.

నెల్లూరు ఇంజనీరు ఒకాయన విస్తట్లో పెరుగు కలుపుకుంటూ అన్నాడు: "ఇంకేమండి, బంగళాకు ఇతన్నే పెట్టుకుంటే సరిపోతుంది."

 ప్రెసిడెంటు గారు పద్మనాభయ్య వైపు చూశాడు. ఇలాంటివి చెప్పడానికే గుమాస్తా.

"అది కుదరదండి," అన్నాడు పద్మనాభయ్య. గొంతులో కోపం లేదు, ఎకసెక్కం లేదు. పిల్లవాడికి లెక్క చెప్పినట్టు చెప్పాడు. "మాంసం అంటే నిప్పుల మీద కాలింది, పట్టింపు లేదు. బంగళా అంటే కాఫీ పెట్టాల, అన్నం వార్చాల, బిందెలు నింపాల. అన్నీ నీళ్లతో పనే." మెట్ల కిందికి చూశాడు. "నువ్వే గదరా చెప్పినావు, నీళ్ల చుక్క తగలదని. ఆ మాట మీదేగా ఇందరం తిన్నాం."

హెబ్రోను నోరు తెరిచాడు.  ఉన్న మాటలన్నీ బాట మీద ఆ రోజే చెప్పేశాడు.

"శీనయ్యను పెడతా ఉండాం," అన్నాడు ప్రెసిడెంటు గారు దయగా. "పెద్దోళ్లు వచ్చినప్పుడల్లా నీకు కబురు పంపిస్తాంలే. వచ్చి కాల్చి పెడుదువు. ఈ చట్రం ఈడనే ఉంటాది. పోయేముందు శీనయ్యకు కాస్త ఇవరం చెప్పు."

జీపు పోయింది. హెబ్రోను చట్రం పక్కన కూలబడి నిప్పుల మీద ఇసుక పోస్తున్నాడు. లోపల అతను ఉడికిపోతున్నాడు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే మెట్ల కింద నిలబెట్టారు. ఆ మెట్టు కట్టిందెవరంటే, తన వేలే తన ఛాతీ వైపు చూపిస్తోంది. అదే అతనికి అన్నిటికంటే సహించరాకుండా ఉంది.

శీనయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. కాల్చకుండా మిగిలిన పొట్టేలు మెడ, రెండు పక్కటెముకలు ఆకులో చుట్టి ఇసుకలో పెట్టాడు. "నీ కోసం ఉంచినా," అన్నాడు. చట్రం వంక వంగి చూసి, "అన్నా, ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దు. బాగుండాది గానీ, కండ కాస్త బిర్రబిగిసింది. దేనివల్ల?"

హెబ్రోను తల ఎత్తి చూశాడు. శీనయ్య నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. వెక్కిరింత లేదు. పైగా అన్నా అన్నాడు. రేపటి నుంచి ఆ బిందె నీళ్లు ఇతనివే. ఇతను చిలకరిస్తే ఎవరూ ఏమీ అనరు. ఒక్క మాట చెప్తే చాలు, ఉప్పూ నీళ్లూ, వేసే వేళ.

"కొత్త ఇనుమయ్యా," అన్నాడు హెబ్రోను. "నాలుగు మార్లు కాల్చినావంటే సర్దుకుంటాది."

అబద్ధమేమీ కాదు. ఆకు పొట్లం తీసుకుని లేచాడు.

పొద్దు వాలుతుండగా పాలెం చేరాడు. ఆనందకుమారి మడి నుంచి అప్పుడే వచ్చి, కొంగు దులుపుకుంటోంది. అతని ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. అతనే చెప్పాడు, మూడు ముక్కల్లో. ఆమె ఈసారి నవ్వలేదు. "థూ," అని మాత్రం అన్నది, సముద్రం వైపు తిరిగి.

హెబ్రోను కోటు విప్పి దండెం మీద వేశాడు. చూరులోంచి గోనె కట్ట దించాడు. గుడిసె ముందు, అందరూ నడిచే బాటకు ఎదురుగా, క్లబ్బు చట్రాన్ని నాలుగు కాళ్ల మీద నిలబెట్టాడు. గుంటలు తవ్వే పని పడలేదు. దాని వాలు దానికే ఉంది. తోపు నుంచి ఏరుకొచ్చిన సరుగుడు చితుకులతో నిప్పు చేశాడు. పక్కటెముకలను వేళ్లతోనే పట్టుకుని ఊచల మీద పరిచాడు. నల్లటి ఇనుము మీద ముక్క నున్నగా జారింది, ఎక్కడా అంటుకోలేదు.

"కుమారీ, ఉల్లికాడలుంటే నాలుగు ఇయ్యి. గిన్నెలో ఉప్పేసుకుని రా."

ఆమె తెచ్చింది. కుండలో నీళ్లు ముంచి తనే గిన్నెలో పోసి కలిపింది. హెబ్రోను ముక్క వంకే చూస్తూ కూచున్నాడు. పైన తేమ ఆరి, అంచులు ముడుచుకోవడం మొదలైంది. కాడల కట్ట ముంచి, మణికట్టు ఒక్కసారి విదిలించాడు. చుయ్యిమంది. తెల్లటి ఆవిరి లేచి ఇద్దరి ముఖాలకూ తగిలింది. బాటలో మూకుడు నెత్తిన పెట్టుకుని పోతున్న పిచ్చమ్మ ఆగి, "ఏందబ్బాయ్ ఆ వాసన," అన్నది.

"రా పిన్నీ, కూచో. నీక్కూడా ఉండాది," అన్నాడు.

మొదటి ఎముక తీసి ఆనందకుమారి చేతిలో పెట్టాడు. ఆమె వేడికి ఊదుకుంటూ, చేతులు మార్చుకుంటూ ఒక కొస కొరికింది. నిదానంగా నమిలింది. హెబ్రోను ఆమె దవడ వంక చూస్తున్నాడు. ఏళ్లుగా అలవాటైన చూపు. ఈ దవడ మాత్రం అతనికి ఏమీ చెప్పలేదు.

"ఎట్టుంది?"

"మెత్తగుంది." ఇంకో కొరుకు కొరికింది. "ఉప్పు కాస్త ఎక్కువైనాది."

హెబ్రోను ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఏళ్లలో అతనితో ఆ మాట ఎవరూ అనలేదు. క్లబ్బులో పళ్లెం ఖాళీగా తిరిగొస్తే బాగున్నట్టు, నిండుగా తిరిగొస్తే బాగాలేనట్టు. ఎందుకు బాగాలేదో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. చెప్పవలసిన మనిషిగా అతన్ని ఎవరూ లెక్కవేయలేదు.

గిన్నెలో సగం పారబోశాడు. కుండ దగ్గరకు పోయి మంచినీళ్లు ముంచుకొచ్చి కలిపి, వేలు ముంచి నాలుకకు రాసుకుని చూశాడు. తర్వాత మెడ ముక్కను తిప్పి, దాని మీద ధారాళంగా చిలకరించాడు.

"ఇప్పుడు చూసి చెప్పు," అన్నాడు.